రీడింగులు సర్దనివ్వకండి: ఫిజిక్స్ లెక్చరర్లకు, ప్రాక్టికల్ ఎగ్జామినర్లకు బహిరంగ లేఖ

రెండు తెలుగు రాష్ట్రాల్లో ఇంటర్, డిగ్రీ పిల్లలకు ఫిజిక్స్ చెబుతున్న లెక్చరర్లకు, ప్రాక్టికల్ పరీక్షలకు ఎగ్జామినర్లుగా వెళ్తున్న మిత్రులకు, పాఠ్యపుస్తకాల కమిటీల్లో ఉన్న పెద్దలకు

నమస్కారం.

నేనూ మీలాగే ఫిజిక్స్ చెప్పి బతుకుతున్నదాన్ని. ఈ లేఖ ఒక మనిషి గురించి, ఒక అలవాటు గురించి. మనిషి పేరు చియెన్-షియుంగ్ వూ. చైనాలో పుట్టి, అమెరికాలో పనిచేసి, ఇరవయ్యో శతాబ్దపు ఫిజిక్స్‌ని ఒక ప్రయోగంతో మలుపు తిప్పిన శాస్త్రవేత్త. అలవాటు మాత్రం మనందరికీ తెలిసిందే: ప్రాక్టికల్ రికార్డులో రీడింగులు సర్దడం.

సరళ లోలకం ప్రయోగమే తీసుకోండి. బాబ్‌కి దారం కట్టి, 20 డోలనాలకు పట్టే కాలాన్ని స్టాప్‌వాచ్‌తో చూసి, దారం పొడవు మార్చి మళ్లీ చూసి, g విలువ (గురుత్వ త్వరణం, సెం.మీ./సె² లలో) కట్టాలి. చాలా కాలేజీల్లో పిల్లలు ముందు చివరి గడిలో 980 వేసుకుంటారు. అక్కడి నుంచి వెనక్కి లెక్కగట్టుకుంటూ కాలం గడి దాకా వస్తారు. నిజంగానే దారం కట్టి ఊపిన అమ్మాయికి 951 వస్తే, పక్కమ్మాయి రికార్డు చూసి చెరిపేసుకుంటుంది. మార్కులు కూడా 980కే పడతాయి. అసలు సంగతి ఏమిటంటే, మన అక్షాంశాల దగ్గర g విలువ 980 కానే కాదు. భూమధ్యరేఖ దగ్గర 978, ధ్రువాల దగ్గర 983. విశాఖపట్నంలో చూసినా హైదరాబాద్‌లో చూసినా 978 మీద కొద్దిగా ఉంటుంది. దారంతో, స్టాప్‌వాచ్‌తో అంత చిన్న తేడాని పట్టుకోలేమన్నది నిజమే. కానీ క్లాసు మొత్తం ఒకే అంకె రాసిందంటే, ఎవరూ కొలవలేదనే అర్థం.

నేను పనిచేసిన ఒక కాలేజీలో ల్యాబ్ తాళం ప్రాక్టికల్స్‌కి కొద్ది రోజుల ముందు మాత్రమే తీసేవాళ్లు. స్క్రూగేజీలు పెట్టెల్లోంచి బయటకు తీస్తే తుప్పు పట్టి తిరిగేవి కావు. "ఎంట్రన్స్‌లో ల్యాబ్ నుంచి ప్రశ్నలు రావు కదా మేడమ్" అని సమాధానం. ఆ టెన్షన్ నాకు తెలుసు. ర్యాంకుల కోసం పిల్లలూ తల్లిదండ్రులూ పడే యాతన మనమంతా రోజూ చూస్తూనే ఉన్నాం. అయినా ఫిజిక్స్ అంటే ఫార్ములాలే అనే నమ్మకంతో పిల్లలు మన చేతుల్లోంచి బయటకు వెళ్తుంటే నాకు నిద్ర పట్టదు. అందుకే వూ కథ మీ ముందు పెడుతున్నాను. కొలవడమంటే ఏమిటో ఇంతకంటే బాగా చెప్పే జీవితం నాకు కనిపించలేదు.

ఆవిడ 1912 మే 31న షాంఘైకి దగ్గర్లోని లియుహే అనే చిన్న ఊళ్లో పుట్టారు. ఆడపిల్లల పాదాలు బిగించి కట్టే ఆచారం ఇంకా పూర్తిగా పోని రోజులవి. తండ్రి వూ జోంగ్-యీ ఆడపిల్లల కోసం ఊళ్లో మింగ్‌దె అనే బడి పెట్టారు. కూతురు అందులోనే అక్షరాలు దిద్దింది. తర్వాత సుజౌలో టీచర్ ట్రైనింగ్ బడిలో చేరితే అక్కడ సైన్సు అంతంత మాత్రం. రెండో విభాగంలో హైస్కూల్ చదువుతున్న స్నేహితురాళ్ల దగ్గర లెక్కలు, ఫిజిక్స్, కెమిస్ట్రీ పుస్తకాలు సాయంత్రం పూట అడిగి తెచ్చుకుని, రాత్రుళ్లు తనంతట తాను చదువుకుంది. 1934లో నాన్‌జింగ్‌లోని నేషనల్ సెంట్రల్ యూనివర్సిటీ నుంచి ఫిజిక్స్‌లో డిగ్రీ తీసుకున్నారు. 1936లో, 24 ఏళ్ల వయసులో, బాబాయి డబ్బు సాయం చేస్తే షాంఘై రేవులో అమెరికా ఓడ ఎక్కారు. తల్లిదండ్రులు గట్టు మీద నిలబడి సాగనంపారు. ఆ తర్వాత యుద్ధాలు వచ్చాయి, ప్రభుత్వం మారింది, రెండు దేశాల మధ్య దారులు మూసుకుపోయాయి. ఆవిడ మళ్లీ చైనా నేల మీద కాలు పెట్టింది 1973లో. అప్పటికి అమ్మా లేదు, నాన్నా లేరు.

మొదట మిషిగన్ యూనివర్సిటీకి వెళ్లాలనుకున్నారు. అక్కడి విద్యార్థి భవనంలోకి ఆడవాళ్లను ముందు గుమ్మం నుంచి రానివ్వరని తెలిసింది. దాంతో దారిలో తగిలిన కాలిఫోర్నియాలోని బర్క్లీ యూనివర్సిటీలోనే ఆగిపోయారు. అక్కడ ఎర్నెస్ట్ లారెన్స్ కట్టిన సైక్లోట్రాన్ (కణాలను గుండ్రంగా తిప్పి వేగం పెంచే యంత్రం) ఉంది, ఎమిలియో సెగ్రే గైడ్‌గా దొరికారు. 1940లో పీహెచ్‌డీ వచ్చింది. థీసిస్‌లో ఒక భాగం యురేనియం విచ్ఛిత్తిలో పుట్టే సెనాన్ ఐసోటోపుల గురించి.

ఆ సెనాన్ కొలతలు నాలుగేళ్ల తర్వాత ఎవరూ ఊహించని చోట పనికొచ్చాయి. 1944 సెప్టెంబర్‌లో అమెరికాలోని హాన్‌ఫర్డ్‌లో పెద్ద అణు రియాక్టర్ మొదలుపెట్టారు. కొన్ని గంటలు బాగానే నడిచి, దానంతట అదే మందగించి ఆగిపోయింది. కొంతసేపటికి మళ్లీ లేచింది, మళ్లీ పడిపోయింది. విచ్ఛిత్తిలో పుట్టే ఏదో పదార్థం న్యూట్రాన్లను మింగేస్తోందని అక్కడి ఫిజిసిస్ట్ జాన్ వీలర్ అనుమానించారు. ఆ పదార్థం సెనాన్-135. దాని గురించి వూ బర్క్లీలో చేసి, అప్పటికింకా అచ్చులోకి రాని కొలతలు ఆ అనుమానాన్ని నిర్ధారించడానికి అక్కరకొచ్చాయి. అణుబాంబు తయారుచేసిన మన్‌హాటన్ ప్రాజెక్టులో ఆవిడ పనిచేశారన్నది కూడా పిల్లలకు దాచకుండా చెప్పాలి. ఆ పనికి ఇంటర్వ్యూ చేసినవాళ్లు తాము చేసేది రహస్యం అనుకున్నారు. వూ మాత్రం గదిలో బ్లాక్‌బోర్డు తుడవకుండా వదిలేసిన సమీకరణాలు చూసి సంగతేమిటో చెప్పేశారు.

ఇక అసలు విషయానికి వస్తాను. బీటా క్షయం గురించి మనం క్లాసులో ఒక సమీకరణం రాసి వదిలేస్తాం: న్యూట్రాన్ ప్రోటాన్‌గా మారుతుంది, ఎలక్ట్రాన్, యాంటీ న్యూట్రినో బయటికొస్తాయి. 1934లో ఎన్రికో ఫెర్మీ దీనికి సిద్ధాంతం కట్టారు. బయటికొచ్చే ఎలక్ట్రాన్లలో ఎన్నింటికి ఎంత శక్తి ఉండాలో ఆ సిద్ధాంతం చెబుతుంది. కానీ కొలిచినవాళ్లందరికీ నెమ్మదిగా వచ్చే ఎలక్ట్రాన్లు లెక్క కంటే ఎక్కువ కనిపించాయి. ఫెర్మీ సిద్ధాంతం తప్పేమోనని కొనోపిన్‌స్కీ, ఊలెన్‌బెక్ అనే ఇద్దరు ఇంకో సిద్ధాంతం తెచ్చారు. అది ఆ రీడింగులకు చక్కగా సరిపోయింది. ఏళ్ల తరబడి గొడవ నడిచింది.

యుద్ధం ముగిశాక కొలంబియా యూనివర్సిటీలో వూ ఈ సమస్య పట్టుకున్నారు. ఆవిడ సిద్ధాంతాల జోలికి పోలేదు. రేడియోధార్మిక పదార్థాన్ని పలక మీద ఎలా పూస్తున్నారో చూశారు. పూత మందంగా, గడ్డలు గడ్డలుగా ఉంటే, లోపలి నుంచి వచ్చే ఎలక్ట్రాన్లు ఆ పూతలోనే గుద్దుకుంటూ శక్తి పోగొట్టుకుని నెమ్మదిగా బయటపడతాయి. కొలిచేవాళ్లకు అవి కేంద్రకం నుంచే నెమ్మదిగా వచ్చినట్టు కనిపిస్తాయి. మరి పలచని, సమానమైన పూత ఎలా వేయాలి? రేడియోధార్మిక రాగితో చేసిన కాపర్ సల్ఫేట్ ద్రావణాన్ని పలక మీద పోసి ఆరబెడితే స్ఫటికాలు ముద్దలు ముద్దలుగా కడతాయి. వూ ఆ ద్రావణంలో కొంచెం డిటర్జెంట్ కలిపారు. తలతన్యత తగ్గి, ద్రావణం పలకంతా ఒకేలా పరుచుకుంది. 1949లో ఆర్.డి. ఆల్బర్ట్‌తో కలిసి ఆ పలచని పూతతో కొలిస్తే అంకెలు ఫెర్మీ గీతకు సరిగ్గా సరిపోయాయి. అదనంగా కనిపించిన నెమ్మది ఎలక్ట్రాన్లన్నీ పూత మందం చేసిన మాయే.

మిత్రులారా, తలతన్యత మన ఇంటర్ మొదటి సంవత్సరం పాఠమే. సబ్బు కలిపితే తలతన్యత తగ్గుతుందని రెండు మార్కుల ప్రశ్నగా చదివిస్తాం. ప్రపంచంలోని పెద్ద పెద్ద ల్యాబులు ఏళ్ల తరబడి తేల్చలేని తగువును ఆ రెండు మార్కుల సమాధానం తేల్చిందని ఒక్కసారి చెప్పి చూడండి. వెనక బెంచీలో కూర్చున్నవాడు కూడా తలెత్తుతాడు.

ఇంకో సంగతి కూడా గమనించండి. ఇక్కడ రీడింగులు సిద్ధాంతంతో కలవలేదు. ఆవిడ రీడింగులు సర్దలేదు. "ఎందుకు కలవలేదు" అని అడిగారు. జవాబు పలక మీద ఉంది.

ఏడేళ్ల తర్వాత దీనికి పూర్తిగా ఎదురు పరిస్థితి వచ్చింది.

ఒక సంఘటన జరుగుతుంటే దాన్ని అద్దంలో చూస్తున్నామనుకుందాం. అద్దంలో కనిపించేది కూడా ప్రకృతిలో అచ్చం అలాగే జరగడానికి వీలున్న సంఘటనే అయి ఉండాలి. ప్రకృతికి కుడీ ఎడమా ఒకటే. దీన్నే పారిటీ నిత్యత్వ నియమం అంటారు. 1927లో యూజీన్ విగ్నర్ దీన్ని క్వాంటం భాషలోకి తెచ్చిన దగ్గర్నుంచి అందరూ దాన్ని నమ్ముతూ వచ్చారు. 1950ల్లో థీటా, టావ్ అని పేర్లు పెట్టిన రెండు కణాలు చిక్కు తెచ్చాయి. ద్రవ్యరాశి ఒకటే, జీవితకాలం ఒకటే, విడిపోయే తీరు మాత్రం వేరు. రెండూ ఒకే కణమైతే పారిటీ నియమం చెడిపోవాలి. త్సుంగ్-దావ్ లీ, చెన్-నింగ్ యాంగ్ అనే ఇద్దరు చైనా సిద్ధాంతవేత్తలు పాత ప్రయోగాలన్నీ తిరగేశారు. బీటా క్షయాన్ని నడిపించే బలహీన బలాల్లో పారిటీ నిలుస్తుందో లేదో అప్పటిదాకా ఎవరూ పరీక్షించనే లేదని తేల్చారు.

1956 వసంతంలో లీ కొలంబియాలోని పూపిన్ భవనం పదమూడో అంతస్తులో ఉన్న వూ గదికి వచ్చి దీని గురించి అడిగారు. బీటా క్షయం చెందే కోబాల్ట్-60 వాడమన్నది, దాని కేంద్రకాలను విపరీతమైన చలిలో ఒకే వైపు తిప్పి నిలబెట్టి చూడమన్నది వూ ఇచ్చిన సలహానే. ఇంతలో లీ, యాంగ్‌ల పత్రం వెలువడకముందే ఈ ప్రయోగం చేయాల్సిందేనని ఆవిడకు తోచింది. ఆ వేసవికి భర్త ల్యూక్ యువాన్‌తో కలిసి క్వీన్ ఎలిజబెత్ ఓడలో యూరప్ వెళ్లి, అటునుంచి తూర్పు దేశాలకు వెళ్లే ప్రయాణం ఖాయమై ఉంది. టికెట్లు కూడా కొన్నారు. చైనా వదిలి అప్పటికి ఇరవై ఏళ్లు. ఆవిడ ఆగిపోయి భర్తను ఒంటరిగా వెళ్లమన్నారు. ఆయన వెళ్లారు. భర్త కూడా ఫిజిసిస్టే, అందుకే అర్థం చేసుకున్నారేమో అనిపిస్తుంది నాకు.

పిల్లలకు చెప్పడానికి ప్రయోగం ఆలోచన కష్టమేమీ కాదు. కోబాల్ట్ కేంద్రకాన్ని తిరుగుతున్న బొంగరం అనుకోమనండి. పక్కన అద్దం పెడితే, సవ్యంగా తిరిగే బొంగరం అద్దంలో అపసవ్యంగా తిరుగుతుంది. పైకి కింద, కిందికి పైన మాత్రం కావు. ఇప్పుడు ఆ బొంగరం నుంచి ఎలక్ట్రాన్లు పైకీ కిందికీ సమానంగా వస్తే గొడవ లేదు, అద్దంలోని బొమ్మా అసలు బొమ్మా సమానం. ఒక వైపే ఎక్కువ వస్తే, అద్దంలో కనిపించేది ప్రకృతిలో జరగని బొమ్మ అయిపోతుంది. అంటే పారిటీ చెడినట్టే. చేయాల్సిందల్లా కోబాల్ట్ కేంద్రకాలన్నింటినీ ఒకే వైపు తిరిగేలా నిలబెట్టి, రెండు వైపులా ఎలక్ట్రాన్లు లెక్కపెట్టడం.

చేయడం దగ్గరే ఉంది కష్టమంతా. మామూలు వేడిలో కేంద్రకాలు ఇష్టమొచ్చిన దిక్కుకు తిరిగి ఉంటాయి. వాటిని నిలబెట్టాలంటే పరమ శూన్యానికి అతి దగ్గరగా, సుమారు 0.01 కెల్విన్ దాకా చల్లబరచాలి. అంత చలి సృష్టించే సామర్థ్యం అమెరికాలో కొద్ది చోట్లే ఉండేది. వాషింగ్టన్‌లోని నేషనల్ బ్యూరో ఆఫ్ స్టాండర్డ్స్‌లో పనిచేసే ఎర్నెస్ట్ ఆంబ్లర్‌కి వూ ఫోన్ చేశారు. ఆయన ఒప్పుకున్నారు. అక్కడివారే రేమండ్ హేవర్డ్, డేల్ హాప్స్, రాల్ఫ్ హడ్సన్ కూడా కలిశారు. ఈ నలుగురి పేర్లు కూడా చెప్పమని మిమ్మల్ని వేడుకుంటున్నాను. "వూ ప్రయోగం" అన్న పేరు కింద ఈ నలుగురూ మరుగున పడిపోయారు. వాళ్లు లేనిదే ఆ చలి లేదు, ఆ ఫలితమూ లేదు.

సీరియం మెగ్నీషియం నైట్రేట్ అనే లవణపు స్ఫటికం మీద కోబాల్ట్-60ని పలచని పొరగా పెంచారు. ద్రవ హీలియంతో చల్లబరిచి, ఆ లవణాన్ని అయస్కాంత క్షేత్రంలో ఉంచి, క్షేత్రాన్ని నెమ్మదిగా తీసేస్తే వేడి ఇంకా పడిపోతుంది. మొదటిసారి చూస్తే కేంద్రకాలు కొద్ది సెకన్లే నిలిచాయి. చుట్టూ ఉన్న వేడి వచ్చి వాటిని చెదరగొట్టేసింది. కోబాల్ట్ పొర చుట్టూ అదే లవణంతో గది లాంటిది కడితే తప్ప చలి నిలవదు. దానికి పెద్ద స్ఫటికాలు కావాలి. అంత పెద్దవి ఎవరి దగ్గరా లేవు. కొలంబియాలో వూ, ఆవిడ దగ్గర పనిచేసేవాళ్లు గాజు బీకర్లలో సంతృప్త ద్రావణం పెట్టి స్వయంగా పెంచుకున్నారు. మూడు వారాల్లో పదింటి దాకా మంచి స్ఫటికాలు తయారయ్యాయి. అవి పట్టుకుని వాషింగ్టన్ వెళ్లిన రోజు ప్రపంచంలో తనకంటే సంతోషంగా, గర్వంగా ఉన్న మనిషి లేదని వూ తర్వాత రాసుకున్నారు. వాటికి బెజ్జాలు వేయబోతే పగిలేవి, పళ్ల డాక్టర్లు వాడే డ్రిల్లు తెచ్చి వేశారు. జిగురుతో అతికిస్తే ఆ చలికి జిగురు పట్టు వదిలేసేది, చివరికి సన్నని నైలాన్ దారంతో కట్టారు.

మన పిల్లలు బడిలో మైలుతుత్తం స్ఫటికాలు పెంచుతారు. దారానికి చిన్న స్ఫటికం కట్టి ద్రావణంలో వేలాడదీస్తే అది రోజు రోజుకీ పెరుగుతుంది. ఆ పనే పారిటీని పడగొట్టే దారిలో ఒక మెట్టు.

ఇంకో చిక్కు ఉంది. బీటా కణాలు దూరం పోలేవు, గోడ తగిలితే ఆగిపోతాయి. కాబట్టి ఎలక్ట్రాన్లను లెక్కపెట్టే ఆంత్రసీన్ స్ఫటికాన్ని ఆ చలి పాత్ర లోపలే, కోబాల్ట్‌కి రెండు సెంటీమీటర్ల పైన పెట్టాల్సి వచ్చింది. ఎలక్ట్రాన్ తగిలినప్పుడల్లా అది మెరిసేది. ఆ చిన్న మెరుపును నాలుగడుగుల పొడవున్న పారదర్శక కడ్డీ గుండా బయటికి తెచ్చి, బయట ఉన్న ఫోటోమల్టిప్లయర్‌తో (సన్నని వెలుగును కరెంటుగా మార్చి పెంచే గొట్టం) పట్టుకున్నారు. కేంద్రకాలు నిజంగా ఒకే వైపు నిలబడ్డాయా లేదా తెలుసుకోవడానికి కోబాల్ట్ నుంచి వచ్చే గామా కిరణాలను పక్క నుంచీ పైనుంచీ వేరుగా లెక్కపెట్టారు. కేంద్రకాలు చెదిరిపోయే కొద్దీ గామాలో తేడా తగ్గిపోతుంది. అంటే గామాయే వాళ్లకు థర్మామీటర్.

వూ కొలంబియాలో క్లాసులు చెప్పుకుంటూనే న్యూయార్క్‌కీ వాషింగ్టన్‌కీ మధ్య తిరిగేవారు. హాప్స్ ల్యాబ్‌లోనే నేల మీద పడుకునేవారు. హీలియం చలి అందినప్పుడల్లా మిగతావాళ్లకు ఫోన్ చేసి పిలిచేవారు. డిసెంబర్ నాటికి తేడా స్పష్టంగా కనిపించింది. కేంద్రకం స్పిన్ దిశకు ఎదురుగానే ఎలక్ట్రాన్లు ఎక్కువ వస్తున్నాయి. అయస్కాంత క్షేత్రాన్ని తిప్పితే తేడా కూడా తిరగబడింది. లవణం వేడెక్కి కేంద్రకాలు చెదిరిపోగానే తేడా మాయమైంది.

మనమైతే అక్కడే పెన్ను మూసి రికార్డు ఇచ్చేస్తాం. వాళ్లు ఇవ్వలేదు. ఇది లవణం చుట్టూ మిగిలిపోయిన అయస్కాంతత్వం చేస్తున్న పనేమో? అది తేల్చడానికి కోబాల్ట్ ద్రావణపు చుక్కలను ఒక పలచని ప్లాస్టిక్ బిళ్ల మీద ఆరబెట్టి, అదే గదిలో అడుగున అతికించారు. ఇప్పుడు గది చల్లగానే ఉంటుంది, అయస్కాంతత్వమూ అలాగే ఉంటుంది, కోబాల్ట్ మాత్రం సరిపడా చల్లబడదు. తేడా కనిపిస్తే దోషం పరికరానిది. కనిపించలేదు. ఇలాంటి అనుమానాలు ఒక్కొక్కటీ తీర్చుకుంటూ పోయారు. క్రిస్మస్ ముందు రోజు మంచు దట్టంగా కురిసి విమానాశ్రయం మూతపడితే, వూ ఆఖరి రైలు పట్టుకుని న్యూయార్క్ వచ్చి లీకి చెప్పారు. మళ్లీ వాషింగ్టన్ వెళ్లి ఇంకా పరీక్షించారు. 1957 జనవరి 9 తెల్లవారుజామున రెండు గంటలకు చివరి అనుమానం తీరింది. హడ్సన్ సొరుగులోంచి వైన్ సీసా తీసి కాగితం కప్పుల్లో పోశారు.

జనవరి 15న కొలంబియాలో ప్రెస్ మీట్ పెట్టి లోకానికి చెప్పారు. ఈలోగా అదే కొలంబియాకు చెందిన గార్విన్, లెడర్‌మన్, వైన్‌రిచ్ వూ ఫలితం గురించి విని, సైక్లోట్రాన్ దగ్గర మ్యువాన్లతో కొద్ది రోజుల్లోనే ఇంకో ప్రయోగం చేసి అదే తేల్చారు. ముందు వూ బృందం పత్రం పంపాలని వాళ్లు ఆగారు.

పారిటీ చెడదని నమ్మినవాళ్లు, పందెం కాసినవాళ్లు మామూలువాళ్లు కాదు. ఫైన్‌మన్ యాభై డాలర్లు కట్టారు, ఓడి ఇచ్చారు. దేవుడు బలహీనమైన ఎడమచేతివాటం వాడంటే నేను నమ్మనని పౌలీ ఒక మిత్రుడికి ఉత్తరం రాసిన తేదీ జనవరి 17. అప్పటికి ఫలితం ప్రకటించి రెండు రోజులైంది, ఆయన దాకా ఇంకా చేరలేదు. ఆలోచించండి. అందరూ నమ్మిన అంకె ఒకటి ఉంది. పైనున్న వైపుకీ కిందనున్న వైపుకీ ఎలక్ట్రాన్లు సమానంగా రావాలి. మన ప్రాక్టికల్ పరీక్ష పద్ధతిలో పెరిగిన విద్యార్థి అక్కడ ఉంటే ఏం చేసేవాడు? తేడా వచ్చిన రీడింగు చెరిపేసి రెండు గడుల్లోనూ ఒకే అంకె రాసేవాడు.

1949లో కొలత సిద్ధాంతాన్ని నిలబెట్టింది. 1956లో కొలత నియమాన్ని పడగొట్టింది. రెండుసార్లూ ఆవిడ చేసిన పని ఒకటే.

1957లోనే నోబెల్ ప్రైజ్ లీకి, యాంగ్‌కి వచ్చింది. వూకి రాలేదు. బ్యూరో నలుగురికీ రాలేదు. ఇది అన్యాయమని నేను గట్టిగా నమ్ముతాను. ప్రయోగం ఐదుగురిది, ప్రైజ్ ముగ్గురికి మించి పంచరు, కాబట్టి ఎవరిని కలపాలన్నది కమిటీకి చిక్కే అయి ఉండొచ్చు. అయినా సిద్ధాంతం చెప్పినవారి పేరు మిగిలి, నిజమో కాదో తేల్చినవారి పేరు చెరిగిపోవడం మన పుస్తకాల్లో కూడా జరుగుతూనే ఉంది. 1978లో వుల్ఫ్ ప్రైజ్ మొదటిసారి ఇచ్చినప్పుడు ఫిజిక్స్‌లో అది వూకి దక్కింది. 1975లో అమెరికన్ ఫిజికల్ సొసైటీకి మొదటి మహిళా అధ్యక్షురాలయ్యారు. సాటి మగ ప్రొఫెసర్లతో సమానంగా జీతం అందింది కూడా అదే 1975లో. అప్పటికి కొలంబియాలో ముప్పై ఏళ్ల సర్వీసు.

పారిటీ పడిపోయాక బలహీన బలానికి కొత్త సిద్ధాంతం కావాల్సి వచ్చింది. అక్కడ మన దేశం మనిషి ఉన్నారు. కేరళలో పుట్టి, మద్రాసులో చదివి, బొంబాయి టాటా ఇన్‌స్టిట్యూట్‌లో పనిచేసి వెళ్లిన ఇ.సి.జి. సుదర్శన్. ఆయన రాబర్ట్ మార్షక్‌తో కలిసి 1957లో 'వి మైనస్ ఎ' సిద్ధాంతం చెప్పారు. దానికి నాలుగు ప్రయోగాల ఫలితాలు అడ్డం వచ్చాయి. సిద్ధాంతాన్ని వాటికి తగ్గట్టు వంచకుండా, ఆ ప్రయోగాలను మళ్లీ చేయాలని రాశారు. మళ్లీ చేశారు, పాత ఫలితాలే తప్పని తేలింది. ఫైన్‌మన్, గెల్-మన్ ఆ సిద్ధాంతంలోంచి చెప్పిన ఇంకో జోస్యాన్ని 1963లో బోరాన్, నైట్రోజన్ కేంద్రకాల మీద కొలిచి నిరూపించింది మళ్లీ వూ బృందమే. సుదర్శన్ గురించి గర్వంగా చెప్పే మనం వూ గురించి కూడా చెప్పాలి. ఒకరు లేకుండా ఇంకొకరి కథ అర్థం కాదు.

ఆడపిల్లలకు చెప్పేటప్పుడు ఒక మాట. "చైనా మేడమ్ క్యూరీ" అని పరిచయం చేయకండి. ఆవిడకు ఆవిడ పేరుంది. కష్టాలు పడిన మహాతల్లిగా కూడా చెప్పకండి. డిటర్జెంట్ కలిపిన మనిషిగా, స్ఫటికాలు పెంచిన మనిషిగా, అనుమానం తీరేదాకా కదలని మనిషిగా చెప్పండి. అణువులకు, కేంద్రకాలకు, గణిత సంకేతాలకు ఆడా మగా అనే పక్షపాతం ఉంటుందా అని ఆవిడ 1964లో ఒక సభలో అడిగారు. మన కాలేజీల్లో ప్రాక్టికల్ జట్లలో అబ్బాయిలు పరికరం పట్టుకుంటే అమ్మాయిలు రీడింగులు రాసుకోవడం నేను ఇప్పటికీ చూస్తున్నాను. మీరూ చూస్తూనే ఉంటారు. వచ్చే బ్యాచ్‌లో స్క్రూగేజీ ముందు అమ్మాయి చేతికివ్వండి.

ఎగ్జామినర్లకు నా విన్నపం: 980 వచ్చిందని మార్కులు వేయకండి. 951 వచ్చిందని కోయకండి. కొట్టివేతలు లేని రికార్డు చూస్తే అనుమానపడండి. రీడింగులు పెన్సిల్‌తో కాకుండా పెన్నుతో అక్కడికక్కడే రాయించండి. తప్పు పడితే చెరిపేయకుండా ఒక గీత కొట్టి పక్కన రాయమనండి. దారం పొడవు బాబ్ మధ్యకు కొలిచావా, కొక్కెం దాకా కొలిచావా? డోలనాలు సున్నా నుంచి లెక్కపెట్టావా, ఒకటి నుంచా? ఒకటి నుంచి లెక్కపెట్టినవాళ్లు 20 అనుకుని 19కే ఆపేస్తారు. కాలం తగ్గి g ఏకంగా పది శాతం పైన పెరిగిపోతుంది. ఈ సంగతి తనంతట తాను కనిపెట్టి చెప్పిన పిల్లకు పూర్తి మార్కులు వేయండి, విలువ ఎంత వచ్చినా సరే.

లెక్చరర్లకు: కేంద్రకాల పాఠం వచ్చినప్పుడు ఒక్క పీరియడ్ వూకి ఇవ్వండి. సిలబస్ అయిపోదన్న టెన్షన్ నాకూ ఉంది. అయినా ఇచ్చి చూశాను, ఆ తర్వాతి క్లాసుల్లో ప్రశ్నలు పెరిగాయి. ల్యాబ్ తాళం మీ చేతిలో ఉంటే జూన్‌లోనే తీయండి, లేకపోతే అడిగి తీయించండి.

పాఠ్యపుస్తకాల కమిటీలకు: బీటా క్షయం సమీకరణం కింద ఒక పేజీ ఇవ్వండి చాలు. కోబాల్ట్ ఎక్కడుంది, ఆంత్రసీన్ ఎక్కడుంది, కడ్డీ ఎక్కడ బయటికొస్తుంది, గామా కౌంటర్లు ఎటువైపు ఉన్నాయి అని గుర్తులు పెట్టిన బొమ్మ ఒకటి, ఐదుగురి పేర్లు, ప్లాస్టిక్ బిళ్ల పరీక్ష. దాని కింద ప్రశ్న ఒక్కటే ఉండాలి: "ఆ బిళ్ల మీద కూడా తేడా కనిపించి ఉంటే, వాళ్లు ఏమని నిర్ణయించేవారు?"

ఇట్లు
మీ తోటి ఫిజిక్స్ లెక్చరర్